చదివి వినిపించేవారికి

నెలలో మొదటి ఆదివారం పొద్దున సెట్టీమియో బల్ల తుడిచి, దాని మీద పాత దినపత్రిక పరిచి, సిరాబుడ్డీ, కలమూ, పల్చటి కాగితాలూ పెట్టుకుని కూర్చుంటాడు. పది కొట్టేసరికి మెట్ల మీద ఎర్సీలియా అడుగులు వినిపిస్తాయి. ఒక మెట్టెక్కి, రెండో కాలూ అదే మెట్టు మీదికి తెచ్చుకుని, ఊపిరి తీసుకుని, అప్పుడు ఇంకో మెట్టు. మొత్తం పదహారు మెట్లు. మొదట్లో ఆ అడుగులు గబగబా వచ్చేవి. ఈ ఇరవయ్యారేళ్ళలో అవి ఎప్పుడు నెమ్మదించాయో అతను గమనించలేదు.

ఆ మార్చి ఆదివారం పదిన్నర దాటినా మెట్లు పలకలేదు. చూరు మీది మంచు కరిగి చుక్కలు చుక్కలుగా కిటికీ గట్టు మీద పడుతోంది. సెట్టీమియో సిరాబుడ్డీ మూత తీశాడు. మళ్ళీ పెట్టాడు. కాగితాల అంచులు సరిచేశాడు. చర్చి నుంచి తిరిగొచ్చే జనం మాటలు వీధిలో వినిపించి, సన్నగిల్లి, ఆగిపోయాయి.

వారమంతా అతను షెడ్డులో సమాధి రాళ్ళ మీద పేర్లు చెక్కుతాడు. ముప్పై ఏళ్ళుగా అదే పని. అమెరికాలోని ఈ బారే ఊళ్ళో, ఆ వీధిలో సగం మంది అతనిలాగే ఇటలీ పాలరాతి కొండల నుంచి వచ్చి ఇక్కడి గ్రానైటు మీద పడ్డవాళ్ళు. ఎర్సీలియా మొగుడు రాతిదుమ్ముతో ఊపిరితిత్తులు గట్టిపడి పోయాడు. ఆమెకి చదువు రాదు. ఇటలీలో సొంతూళ్ళో ఉన్న చెల్లెలు అర్జియాకీ రాదు. ఇక్కడ సెట్టీమియో రాస్తాడు. అక్కడ ఎవరో చదివి వినిపిస్తారు. ఆ ఎవరో జవాబు రాస్తే ఇక్కడ సెట్టీమియో చదివి వినిపిస్తాడు. ఆ జవాబులు ఎప్పుడూ ఊదా సిరాతో, కుడివైపుకి వాలిన సన్నటి అక్షరాలతో వస్తాయి.

అడుగులు వినిపించేసరికి పన్నెండైంది.

"ఏంటక్కా, ఒంట్లో బాగాలేదా?"

"నాకేం, గుండ్రాయిలా ఉన్నాను." ఎర్సీలియా తలగుడ్డ విప్పి దులిపింది. "చర్చి హాల్లో లైను కట్టించారు. నా మోకాలిని చూసైనా ముందుకి పంపుతారనుకున్నాను. లైనంతా మోకాళ్ళే. ఈ నెల నీకు శ్రమ లేదులే నాయనా. ఉత్తరం అచ్చేసి ఇచ్చారు."

"అచ్చేసిన ఉత్తరమా? ఎవరికి?"

"అందరికీ. నాకూ అదే, రొట్టెల కొట్టు పాస్క్వీనాకీ అదే, ఆ చెవిటి తాతకీ అదే. వచ్చే నెల ఇటలీలో ఓట్లు కదా. ఎర్రజెండాకి వెయ్యొద్దని ఎవరివాళ్ళకి వాళ్ళు రాయాలట. రాసే పని కూడా వాళ్ళే చేసేశారు. సంతకానికి బదులు ఇంటూ గుర్తు పెట్టడం నా వంతు."

"పెట్టావా?"

"పెట్టకేం చేస్తాను? పక్కన కుర్చీ వేసుకుని డాక్టరు గారి పెళ్ళాం పేర్లు రాసుకుంటోంది. పౌరసత్వం కోసం మే నెలలో జడ్జీ ముందు నిలబడాల్సింది నేనా, నువ్వా?" అప్పుడామె చూపు బల్ల మీద పడింది. "అయ్యో. అన్నీ సర్దుకుని కూర్చున్నావే."

"ఊరికే. వేరే పనుండి తీశాను."

ఆమె చేతిసంచీలోంచి గుడ్డలో చుట్టిన చెస్ట్‌నట్ పిండి రొట్టె తీసి బల్ల మూలన పెట్టింది. ఉత్తరం రాయించుకున్నప్పుడల్లా తెచ్చేదే.

"ఉత్తరం లేదుగా," అన్నాడు.

"ఉత్తరం లేకపోతే ఆకలుండదా? ఆఁ, ఇంకోటి. కవర్ల మీద అడ్రసులు రాయడానికి మంచి చేతిరాత కావాలన్నారు. నీ పేరు చెప్పాను."

"నన్నడక్కుండానా?"

"అడిగితే వద్దంటావని." తలగుడ్డ కట్టుకుని గుమ్మం దగ్గర ఆగింది. "అర్జియాది మాత్రం నువ్వే రాయాలి. ఇంకెవరి చేతా పడనివ్వకు."

దిగేటప్పుడు ఆమె అడుగులు ఇంకా నెమ్మది. పదహారూ లెక్కపెట్టాక సెట్టీమియో కాగితాలు సొరుగులో పెట్టాడు. రొట్టె ముట్టుకోలేదు. సాయంత్రానికి దాని అంచులు గట్టిపడ్డాయి. తనకి కోపం వచ్చిందని అప్పటికి గాని అతనికి తెలియలేదు.

*

సోమవారం షెడ్డులో అతని ముందు ఒక స్కాట్లాండు కుటుంబం రాయి ఉంది. ఇంటిపేరు తొమ్మిదక్షరాలు. రాయి మీద అక్షరానికీ అక్షరానికీ మధ్య జాగా కొలబద్దతో పెడితే కంటికి తప్పుగా కనిపిస్తుంది. గుండ్రటి అక్షరం పక్కన ఒకలా, నిటారు అక్షరం పక్కన ఇంకోలా వదలాలి. సెట్టీమియో పెన్సిలుతో గీసుకుని, నాలుగడుగులు వెనక్కి నడిచి, కళ్ళు సగం మూసి చూస్తాడు. మళ్ళీ వచ్చి చెరిపి గీస్తాడు. గాలి ఒత్తిడితో కొట్టే ఉలి ఆన్చాక ఇంక వెనక్కి పోవడం ఉండదు. రాయి మీద దిద్దుబాటు లేదు. ఒక్క గీత పొరపాటైతే రాయంతా పోయినట్టే. అతని చేతిలో ఇంతవరకూ ఒక్క రాయీ పోలేదు.

పక్క వరసలో మెరుగుపట్టే లియోనెల్లో, దుమ్ము లాగే గొట్టం ఆగినప్పుడల్లా ఏదో ఒకటి అంటూనే ఉంటాడు.

"ఇంకా రెండో అక్షరం దగ్గరే ఉన్నావా? అటు చూడు, ఆ కుర్రాళ్ళు రబ్బరు అచ్చు అతికించి, ఇసుక కొట్టి, పొద్దుట్నుంచి నలుగుర్ని పాతిపెట్టేశారు."

"అచ్చుతో చెక్కితే అన్ని పేర్లూ ఒకలాగే ఉంటాయి."

"చచ్చినవాళ్ళంతా ఒకలాగే ఉంటారు మావా. నీకు తప్ప ఎవరికి పట్టింది?"

మధ్యాహ్నం భోజనాల గంట కొట్టాక, డాక్టరు గారి భార్య లవీనియా షెడ్డు గుమ్మంలో నిలబడింది. చేతికి బూడిదరంగు తొడుగులు. దుమ్ము నేల మీద కాలు ఎక్కడ పెట్టాలా అని చూసుకుంటోంది. సెట్టీమియో టోపీ తీసి, చేతులు తుడుచుకుని బయటికి వచ్చాడు.

"ఊళ్ళో మీలా అక్షరం రాసేవాళ్ళు లేరని ఎర్సీలియా చెప్పింది. మూడొందల పైచిలుకు కవర్లున్నాయండీ. రేపు సాయంత్రం ఆరింటికి వస్తే చాలు."

"నేను చర్చికి రానండి."

"అడ్రసులు రాయడానికి బాప్తిస్మం అక్కర్లేదు లెండి." ఆమె నవ్వింది. మంచి నవ్వు. "నలభైలో పరాయి దేశస్థుల లెక్క తీసినప్పుడు పోస్టాఫీసు దగ్గర మనవాళ్ళు వేలిముద్రలిస్తుంటే మా ఆయన చూశారట. మీరూ ఉన్నారట కదూ? పౌరసత్వం కాగితాలు ఇంకా రానివాళ్ళకి ఇలాంటి పని చేసినట్టు ఉంటే మంచిదే. ఎవరైనా అడిగితే నేను చెబుతాను."

ఆమె బెదిరించలేదు. బెదిరిస్తే కుదరదనేసి ఉండేవాడు. మంచి కోరి చెప్పింది. ఆ మంచితనానికి ఎదురు చెప్పడం అతనికి చేతకాలేదు. చాలా ఏళ్ళ కిందట ఒక గదిలో పదకొండు రోజులుంచి, రోజూ అవే ప్రశ్నలడిగిన పోలీసు మనిషి కూడా ఇలాగే మెత్తగా మాట్లాడేవాడు. "చలిగా ఉందా సెట్టీమియో? కంబళి తెప్పించనా?" ఆ గొంతు ఇప్పటికీ అప్పుడప్పుడు రాత్రి కంబళి కప్పుకున్నాక వినిపిస్తుంది.

"వస్తానండి," అన్నాడు.

*

మంగళవారం సాయంత్రం హాల్లో పొడుగాటి బల్ల చుట్టూ నలుగురు ఆడవాళ్ళు కాగితాలు మడిచి కవర్లలో పెడుతున్నారు. కాఫీ వాసన, తడి ఉన్ని కోట్ల వాసన. సెట్టీమియోకి చివరి కుర్చీ ఇచ్చారు. లవీనియా జాబితాలోంచి ఒక్కో పేరూ ఊరూ చదివి, ఉత్తరం ఉన్న కవరు అందిస్తుంది. అతను అడ్రసు రాసి పక్కన పెడతాడు. అంతే పని.

మొదటి కవరు మూసి లేదు. అతను ఉత్తరం బయటికి తీసి చదివాడు. ఎవరూ వద్దనలేదు. పైన ప్రియమైన అని అచ్చేసి, పక్కన ఖాళీ వదిలారు. అందులో పేరు రాస్తారు. స్వేచ్ఛ గురించి నాలుగు వాక్యాలు, దేవుడి గురించి రెండు, అమెరికా ఓడల్లో వస్తున్న గోధుమల గురించి ఒకటి. ఆ తర్వాత: "ఎర్రజెండావాళ్ళు గెలిస్తే అమెరికా నుంచి ఇంక గోధుమ గింజ రాదు. నేను కూడా నీకు ఇక ఏమీ పంపను. కాఫీ గింజ కూడా పంపను. అప్పుడు నీకు అమెరికాలో బంధువులు లేరనుకో."

అతను మడిచి లోపల పెట్టేశాడు. అడ్రసు రాశాడు. రెండోది రాశాడు. ఇరవై, ముప్పై. పాళీ మంచిది. చెయ్యి దాని దారిన అది పోతోంది. చేతికి పని దొరికితే మనసు పక్క గదిలో కూర్చుంటుందని అతనికి అలవాటే.

"అర్జియా," అంది లవీనియా. ఊరి పేరు చదివింది.

సెట్టీమియో కవరు తెరిచాడు. కింద ఎర్సీలియా పెట్టిన ఇంటూ గుర్తు. ఒక గీత పొడుగు, ఒక గీత పొట్టి, పొడుగు గీత చివర చిన్న వంపు. కలం పట్టుకోవడం రానివాళ్ళు ఎత్తేటప్పుడు అలా ఈడుస్తారు. ప్రియమైన తర్వాత ఖాళీలో ఎవరో అర్జియా అని గుండ్రంగా రాశారు. కాఫీ గింజ కూడా పంపను.

అర్జియా కొడుకులిద్దరూ రాతిగనిలో కూలీలు, ఎర్రజెండా కింద తిరిగేవాళ్ళు. ఆ సంగతి చర్చి హాలుకి తెలియదు. సెట్టీమియోకి తెలుసు. యుద్ధంలో ఇల్లు కాలిపోయి ఆమె మేకల కొట్టంలో రెండేళ్ళుందనీ, అక్క పంపిన కోటు విప్పి ఇద్దరు కోడళ్ళకీ చెరో రవికె కుట్టిందనీ తెలుసు. అవన్నీ ఊదా సిరాలో వచ్చాయి. ఇప్పుడీ కాగితం వెళుతుంది. ఊదా సిరా మనిషి కవరు చించి, మేకల కొట్టం లాంటి ఏదో గదిలో, ఆమె ఎదురుగా కూర్చుని చదువుతాడు. అక్క నన్ను వదిలేసింది అనుకుంటుంది ఆమె.

ఎర్సీలియాకి ఇందులో ఏముందో తెలియదు. తనకి తెలుసు. లేచి ఇప్పుడే చెప్పవచ్చు. ఈ ఒక్క కవరూ ఆపండి అనవచ్చు. లవీనియా జాబితా మీద పెన్సిలు ఆన్చి, అతని వైపు చూస్తోంది.

"ఏమైనా తప్పు పడిందా?"

"లేదండి."

అడ్రసు తప్పు రాయవచ్చు. అలా అనుకున్నాడు గాని వేళ్ళు అందుకు ఒప్పుకోలేదు. ముప్పై ఏళ్ళు తప్పు చెక్కకుండా ఉండటానికే బతికిన వేళ్ళు. కలం కవరు మీద పెట్టాడు. మొదటి అక్షరం తన మామూలు రాతలో, ఇరవయ్యారేళ్ళుగా ప్రతి నెలా రాసిన వంపుతో మొదలుపెట్టబోయి ఆగాడు. ఆ మనిషి గుర్తుపడతాడు. కవరు చూడగానే ఇది ఫలానావాడు రాశాడు అనుకుంటాడు. ఇందులో వాడికీ చెయ్యుంది అనుకుంటాడు.

సెట్టీమియో రాతి మీద చెక్కే పెద్దక్షరాలతో అడ్రసు రాశాడు. నిటారుగా, కొలిచినట్టు, ఒక్క వంపూ లేకుండా. తర్వాత మిగిలినవన్నీ కూడా అలాగే రాశాడు, ఆ ఒక్కటీ వేరుగా కనిపించకుండా.

"అబ్బ, అచ్చు వేసినట్టే ఉన్నాయండీ," అంది లవీనియా.

*

భయంతో చేశాను అనుకున్నాడు బుధవారం. పదకొండు రోజులు ఆ గదిలో ఉన్నవాడు భయపడటం తప్పు కాదు. ఆ మాట రోజంతా అతనికి ఆసరా ఇచ్చింది. సాయంత్రం ఇంటికొచ్చి సూప్ వేడి చేసుకుంటుంటే ఆ ఆసరా ఎక్కడికో పోయింది. భయమైతే మామూలు రాతలో రాసినా ఒకటే. లవీనియాకి ఏ రాతైనా ఒకటే. రాత మార్చింది ఎవరి కోసం?

మంచం కిందినుంచి చెక్కపెట్టె లాగాడు. ఎర్సీలియాకి వచ్చిన ఉత్తరాలన్నీ అతని దగ్గరే ఉంటాయి. నాకు చూసినా ఒకటే, చూడకపోయినా ఒకటే, నువ్వే ఉంచు అంటుందామె. ఏడాదికో కట్ట. నలభై రెండు, మూడు, నాలుగు లేవు. యుద్ధం ఆగాక మొదటి ఉత్తరం వచ్చిన రోజు ఎర్సీలియా మెట్ల మీదే కూలబడి ఏడ్చింది. ఆమె చెల్లెలు బతికే ఉందని. అతను కవరు చూసి గోడకి ఆనుకున్నాడు. ఊదా సిరా. అదే వాలు. ఆ సంతోషం అర్జియా గురించి కాదని అప్పుడే తెలుసు. తెలిసీ దాని వైపు చూడకుండా పక్కకి తప్పుకున్నాడు.

చలిగా ఉందని రాయమంటుంది ఎర్సీలియా. అతను చలిగా ఉందని రాసి, మంచు పడ్డ రాత్రి షెడ్ల మధ్య తన అడుగులు తనకే ఎలా వినిపిస్తాయో రాసేవాడు. కిటికీలో ఒక దీపం, దానికెదురుగా ఒక కుర్చీ. ఎర్సీలియా ఇంట్లో కిటికీ దగ్గర దీపం లేదు. జవాబులో అర్జియా అడిగినట్టు ఉండేది: "ఆ దీపం ఇంకా ఉందా? ఇక్కడ కూడా వాన రాత్రుల్లో ఒక్క దీపమే." అతను ఆ వాక్యాన్ని ఎర్సీలియాకి చదివి వినిపించేటప్పుడు గొంతు కొంచెం తగ్గించేవాడు.

ముప్పై ఒకటి కట్ట విప్పాడు. ఎర్సీలియా మొగుడు పోయాక వచ్చిన ఉత్తరం. నాలుగో పేజీ చివర, సంతకం కింద, మిగతా అక్షరాల కన్నా చిన్నగా ఒక వరస ఉంది. అది అర్జియా మాట కాదు. దాన్ని అతను ఎర్సీలియాకి ఎప్పుడూ చదవలేదు.

"చదివి వినిపించేవారికి: ఇది నెమ్మదిగా చదవండి."

పదిహేడేళ్ళు. దానికి అతను జవాబు రాయలేదు. ఏం రాయాలో, ఎవరికి రాయాలో తెలియలేదు. ఆడో మగో, బడిపంతులో మందుల కొట్టు మనిషో తెలియదు. మనసులో మాత్రం ఆయన అనే అనుకుంటాడు. ఈ లోకంలో తనని ఎరిగిన మనిషి ఎవరన్నా ఉంటే ఆ చేతిరాతే. మంగళవారం సాయంత్రం తను తప్పించుకున్నది జడ్జీ నుంచీ లవీనియా నుంచీ కాదు. ఆ ఒక్క మనిషి దగ్గర చెడ్డవాడు కాకుండా ఉండటానికి చేతిరాత దాచుకున్నాడు. అందులో ఇంకోటి కూడా ఉంది, అడుగున, చిన్న గులకరాయిలా. నన్ను కాదని అచ్చుకాగితం తెచ్చుకుందిగా, చూడనీ ఏమవుతుందో అనిపించింది. ఒక్క క్షణమే. కాని అనిపించింది.

గురువారం తొమ్మిదో అక్షరం పూర్తయింది. నాలుగడుగులు వెనక్కి నడిచి చూశాడు. బాగానే ఉంది. ఎంతసేపు చూసినా బాగానే ఉంది.

*

శుక్రవారం సాయంత్రం షెడ్డు వదలగానే, మొహం కూడా కడుక్కోకుండా ఎర్సీలియా ఇంటికి వెళ్ళాడు. ఆమె పొయ్యి ముందు నిలబడి మొక్కజొన్న పిండి కలుపుతోంది. కర్రగరిటె రెండు చేతులతో పట్టుకుని, ఒకే వైపుకి తిప్పుతోంది.

"ఏంటీ, శుక్రవారం పూట? కాలెండరు తిరగబడిందా? కాళ్ళు తుడుచుకుని రా. దుమ్మంతా నీ మీదే ఉంది."

సెట్టీమియో కుర్చీ అంచు మీద కూర్చున్నాడు.

"అక్కా, ఆ అచ్చు ఉత్తరంలో ఏముందో నీకు చెప్పాలి. నేను చదివాను. ఆదివారమే నిన్ను అడగాల్సింది, అడగలేదు. మంగళవారం చదివి కూడా వచ్చి చెప్పలేదు. అందులో..."

"కాఫీ గింజ కూడా పంపనని ఉంది."

అతను తలెత్తాడు. ఆమె గరిటె ఆపలేదు.

"పాస్క్వీనా కూతురు లైన్లోనే చదివి వినిపించింది. అందరం విన్నాం. ఆ చెవిటి తాతకి చెవిలో అరిచి మరీ చెప్పింది. ఆయనైతే, నేను ఇంతవరకూ ఏం పంపాను కనకా, పెట్టేస్తాను పట్రా అన్నాడు."

"తెలిసే పెట్టావా?"

"పేర్లు రాసుకుంటున్నారని చెప్పాను కదా. మొగుడి రాయి ఇక్కడుంది. ముసలిదాన్ని, ఓడెక్కించి పంపిస్తే ఎక్కడికి పోతాను? పెట్టాను." పిండి బుడగ పగిలి ఆమె చేతి మీద చిందింది. నాలుకకి అద్దుకుంది. "అర్జియా కొడుకులు ఎవరికి ఓటేస్తే నాకేం? కాఫీ ఎప్పట్లాగే పోతుంది. నిన్ననే పార్శిల్ కట్టాను."

"కాని అర్జియా ఆ మాటలు వింటుంది కదా!"

"ఎవరు వినిపిస్తారు?" ఎర్సీలియా మొదటిసారి ఇటు తిరిగింది. "నీలాంటివాడే కదా ఆయనా. నీ చేతిరాత కవరు మీద చూస్తాడు. లోపల అచ్చుకాగితం చూస్తాడు. నీ రాత బయట, ఆ చెత్త లోపల. బుర్ర లేనివాడైతే కాడుగా. ఏదో తంటాలో పడి పంపారు పాపం అనుకుంటాడు. అక్క కులాసా, కాఫీ వస్తోంది అని చదివి పారేస్తాడు. అందుకేగా, అర్జియాది నువ్వే రాయాలి అని అంతలా చెప్పాను."

సెట్టీమియో చేతులు ఒళ్ళో ఉన్నాయి. గోళ్ళ కింద రాతిపొడి.

"ఆయన అలా చేస్తాడని నీకేం తెలుసు?"

"నువ్వు చెయ్యలా?" ఆమె నవ్వింది. "ఇరవయ్యారేళ్ళు నాయనా. నేను చలిగా ఉంది అంటే నువ్వు రెండు వైపులా రాసేవాడివి. చలి గురించి అంత ఉంటుందా? ఇక అర్జియా! పొయ్యి మీద పాలు పొంగి పోతున్నా తిరిగి చూడని మనిషి, అది అడుగుతుందా అమెరికాలో ఎవరింట్లోనో దీపం ఉందా అని?"

"తెలిసి... ఎప్పుడూ అనలేదేం?"

"ఏమంటాను? మీరిద్దరూ మాట్లాడుకుంటున్నారు. మధ్యలో నేనెందుకని ఊరుకున్నాను."

మొక్కజొన్న పిండి మాడు వాసన సన్నగా వస్తోంది. ఆమె మళ్ళీ గరిటె పట్టుకుంది. రాయి మీద ఉలి ఆన్చే ముందు ఒక క్షణం ఉంటుంది. అది దాటితే వెనక్కి లేదు.

"కవరు మీద నా రాత లేదక్కా."

"అదేంటి? నువ్వు రాయలేదా?"

"నేనే రాశాను. రాతి అక్షరాలతో రాశాను. అన్నీ అలాగే. ఎవరి రాతో తెలియకుండా."

"ఎందుకూ?"

"ఆయన నన్ను గుర్తుపడతాడని."

గరిటె ఆగింది. ఎర్సీలియా పొయ్యి మీద గిన్నెని పక్కకి జరిపి, కుర్చీ లాక్కుని, మోకాలు చేత్తో వంచుకుని కూర్చుంది.

"గుర్తుపట్టాలనే కదా నిన్ను రాయమంది," అంది.

"ఇప్పుడే హాలుకి వెళతాను. లవీనియా గారిని అడిగి..."

"మధ్యాహ్నం బండికి విమానం పోస్టు సంచీ వెళ్ళిపోయింది. పాస్క్వీనా అల్లుడే స్టేషన్లో దింపాడు."

ఆమె తిడితే బాగుండేది. తిట్టలేదు. ఆ మొహంలో అతను ఒకటి చూశాడు. ఇరవయ్యారేళ్ళలో ఎర్సీలియా కొండంత ధీమాతో నమ్మినది కాగితాన్నీ కాదు, పోస్టునీ కాదు. సెట్టీమియో చేతిరాతని. ఆ సంగతి ఆమెకి తెలుసు, అక్కడ ఆ మనిషికీ తెలిసి ఉంటుంది. తెలియనిది తనొక్కడికే. ఒంటరిగా కూర్చుని ఎవరికో రాసుకుంటున్నాననుకున్నాడు. ఆమె ఎదురుగానే కూర్చుని ఉంది.

"సోమవారం ఉదయం మళ్ళీ విమానం పోస్టు పోతుంది. ఇవాళే రాస్తే అది అందిన మూడ్రోజులకి ఇదీ అందుతుంది," అన్నాడు.

"మూడ్రోజులు," అంది ఎర్సీలియా.

ఆ మూడు రోజులూ కొండ మీద ఒక ఆడమనిషి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంటుంది.

ఆమె లేచి అల్మారా తెరిచింది. అందులో అతను ఎప్పుడో ఇచ్చిన పల్చటి కాగితాలు నాలుగైదు, జడ్జీ పరీక్షకని ఎవరో కొనిచ్చిన కలం ఉన్నాయి. ఒక కాగితం బల్ల మీద పరిచి, అరచేత్తో సాపు చేసింది. అతని చేతికిస్తుందనుకున్నాడు. ఇవ్వలేదు. కలం పిడికిట్లో పట్టుకుని, కాగితం మీదికి వంగి, ఖాళీ కాగితం అడుగున తన ఇంటూ గుర్తు పెట్టింది. ఒక గీత పొడుగు, ఒక గీత పొట్టి. పొడుగు గీత చివర చిన్న వంపు.

"కింద నాది అయిపోయింది. పైన నువ్వు రాయి."

"ఏం రాయమంటావు?"

"నాకేం తెలుసు." గిన్నె మళ్ళీ పొయ్యి మీదికి లాగింది. అతనికి ఆమె వీపు మాత్రం కనిపిస్తోంది. "ఇన్నేళ్ళూ నేను చెప్పిందే రాశావా ఏంటి?"

సెట్టీమియో కలం తీసుకున్నాడు. వేళ్ళ మీది దుమ్ము కాగితానికి అంటకుండా కోటుకి తుడుచుకున్నాడు. వేల పేర్లు చెక్కిన చెయ్యి అది. ఇప్పుడు కావలసిన పేరు దానికి తెలియదు. కాసేపు పైన తెల్లటి జాగానీ, కింద ఇంటూ గుర్తునీ చూశాడు. తర్వాత తన మామూలు రాతలో, ఎప్పటి వంపుతో, నెమ్మదిగా మొదలుపెట్టాడు.

"అర్జియాకి చదివి వినిపించే మీకు,

మీ పేరు నాకు తెలియదు. నా పేరు సెట్టీమియో. కిందటి కవరు మీద రాసింది నేనే."

కలం ఎత్తాడు. అలవాటు కొద్దీ తర్వాతి మాట కోసం ఎర్సీలియా వైపు చూడబోయి, మళ్ళీ కాగితం మీదికి వంగాడు.